శక 1157: ఒక వ్యాసం మా పత్రికలో అచ్చయ్యేదాకా

హన్మకొండ నుంచి ఏడాదికి రెండు సంచికలుగా వచ్చే ఒక చరిత్ర పరిశోధన పత్రికకు నేను సంపాదకుణ్ణి. జీతం లేదు. ఆఫీసు అంటే మా ఇంటి ముందు గది, అందులో ఒక కంప్యూటరు, అమ్ముడుపోని పాత సంచికల కట్టలు. వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారు. "సార్, పేపరు పంపి రెండు నెలలైంది, ఎప్పుడొస్తది?" అని. ఈ రెండు నెలలూ ఏం చేశామో ఫోన్లో చెబితే సాకు చెప్పినట్టే ఉంటుంది. అందుకని ఒకే ఒక వ్యాసాన్ని తీసుకుని, అది ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో, మేం ఎక్కడ తప్పు చేశామో వరసగా రాస్తున్నాను. 2023 జూన్‌లో మా చేతికొచ్చింది, 2024 ఆగస్టులో అచ్చయింది. రచయిత ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన పేరూ, ఊరి పేరూ మాత్రం ఉండవు.

వచ్చింది ఏమిటి

రచయిత డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నారు. కాకతీయుల చెరువులు అనగానే అందరూ పాకాల, రామప్ప, లక్నవరం దగ్గరికి పోతారు. ఈయన పోలేదు. పరకాల వైపు ఒక వాగు మీద ఒకదాని కింద ఒకటిగా ఉన్న మూడు చిన్న చెరువులు తీసుకున్నారు. పై చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు ఎట్లా చేరతాయి, కట్ట మరమ్మతు కోసం ఇచ్చిన దశబంధ మాన్యం ఎవరి చేతిలో ఉండేది, పొలాలకు నీళ్లు పంచే నీరటికాడు తూము ఎప్పుడు తీసేవాడు అనేవి శాసనాల్లోంచి కొంత, ఊరి పెద్దల నోటి నుంచి కొంత ఏరి రాశారు. చదువుతుంటే మట్టి వాసన వచ్చే వ్యాసం. మాకు వచ్చేవాటిలో అలాంటివి తక్కువ.

ఆయన వాదనకు ఆయువుపట్టు రెండు శాసనాల తేదీలు. కింది చెరువు శాసనం శక 1166, అంటే 1244. మధ్య చెరువు శాసనం శక 1175, అంటే 1253. కాబట్టి ముందు కింది చెరువు కట్టారు, ఆయకట్టు పెరిగి నీళ్లు చాలక తొమ్మిదేళ్లకు దాని పైన ఇంకొకటి కట్టారు అని ఆయన తేల్చారు. నేను చదివినప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు. రెండు తేదీలూ గణపతిదేవుని పాలనలోకే వస్తాయి. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. రాజు పేరు చూసి తప్పు పట్టే వీలే లేదు.

మేం వ్యాసాలను ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తీసుకుంటాం. రచయిత ఫైలు ఎక్కిస్తారు. పేరు, శీర్షిక, తెలుగు సంగ్రహం, ఇంగ్లిష్ సంగ్రహం విడివిడి పెట్టెల్లో నింపుతారు. ఈ పెట్టెల సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మొదటి వడపోత నాదే. విషయం మా పత్రికకు తగినదేనా, ఫుట్‌నోట్లు ఉన్నాయా, కొత్త మాట ఏదైనా ఉందా అని చూస్తాను. చాలా వ్యాసాలు ఇక్కడే వెనక్కి పోతాయి. ఈ వ్యాసానికి వచ్చిన చిక్కు వేరు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు అనులో టైపు చేయించి, తర్వాత ఎవరితోనో యూనికోడ్‌లోకి మార్పించారు. వొత్తులు సగం ఎగిరిపోయాయి. "కట్ట" అన్నచోట "కట" అని, "మత్తడి" అన్నచోట "మతడి" అని ఉంది. సరిచేసి పంపమని తిప్పి పంపితే పదిహేను రోజులు పట్టింది.

కాపీ పరీక్ష కూడా ఈ దశలోనే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. సాఫ్ట్‌వేర్ నాలుగు శాతం చూపించింది. తెలుగు వ్యాసం విషయంలో ఈ అంకెను చూసి నేనెప్పుడూ నిశ్చింతగా పడుకోను. మన పాత పుస్తకాలు నెట్‌లో ఉన్నా పేజీల ఫొటోలుగానే ఉన్నాయి. అను ఫాంటులో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, పిచ్చి గుర్తులు తప్ప తెలుగు రాదు. నాలుగు శాతం అంటే ఆ యంత్రం కంటికి ఆనింది నాలుగు శాతం అని మాత్రమే.

చూసేవాళ్లు ఎవరు

అచ్చుకు ముందు వ్యాసం చదివి తప్పొప్పులు చెప్పే పరిశీలకులను వెతకడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. మాది రెండువైపులా పేరు దాచే పద్ధతి. రచయిత ఎవరో పరిశీలకుడికి తెలియకూడదు, పరిశీలకుడు ఎవరో రచయితకు తెలియకూడదు. వినడానికి బాగుంటుంది. పదమూడో శతాబ్దపు శాసన లిపిని రాయి మీద నేరుగా చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకరు రచయితకు గైడ్, ఇంకొకరు ఆ గైడ్‌కు గైడ్, మూడో ఆయన ఆ గైడ్‌తో కలిసి పుస్తకం వేసినాయన.

ఒకే డిపార్ట్‌మెంట్ వాళ్లు వద్దు, ఈ మధ్య రచయితతో కలిసి రాసినవాళ్లు వద్దు, గైడ్ పరంపరలోని వాళ్లు వద్దు అని గీత గీసుకుంటే నా చేతిలో ఐదు పేర్లు మిగిలాయి. మొదటి ఆయన మెయిల్‌కే పలకలేదు. రెండో ఆయన "ఆ చెరువుల మీద తిరుగుతున్న పిల్లవాడెవరో నాకు తెలుసు, నేను చూడటం సబబు కాదు" అని మర్యాదగా తప్పుకున్నారు. ఆ ఒక్క వాక్యానికి ఆయనకు దండం పెట్టాలనిపించింది. మూడో ఆయనకు ఆరోగ్యం బాగాలేదు. నాలుగో ఆయనా, ఐదో ఆవిడా ఒప్పుకున్నారు. ఈ పనికి మేం పైసా ఇవ్వం. ఇచ్చే పత్రికలు కూడా చాలా తక్కువ.

వ్యాసం పంపే ముందు పేరు తెలిసే ఆనవాళ్లన్నీ తీసేయాలి. "మా ఊరి కట్ట మీద నేను చిన్నప్పుడు ఈత కొట్టిన" అనే వాక్యం ఒకటుంది. అందమైన వాక్యం, తీసేశాను. కృతజ్ఞతల పేరా తీసేశాను. అన్నీ తీసి, ఫైలు ప్రాపర్టీస్‌లో ఉన్న రచయిత పేరును మాత్రం వదిలేశాను! ఇది పూర్తిగా నా పొరపాటు. నాలుగో ఆయన ఫైలు తెరవగానే చూశారు. "పేరు కనబడింది, నాకు ఆయనతో పరిచయం లేదు, మీకు అభ్యంతరం లేకపోతే చదువుతాను" అని రాశారు. సంపాదక వర్గానికి ఆ సంగతి చెప్పి, రికార్డులో రాసుకుని ఆయననే కొనసాగించాం. అప్పటినుంచి వర్డ్ ఫైలు పంపడం మానేశాను. పేరు తుడిచేసిన పీడీఎఫ్ మాత్రమే పంపుతాను.

ఆరు వారాలకు ఆయన నివేదిక వచ్చింది. ఒక పేజీ. బాగుంది, చిన్న సవరణలు చాలు, నీరటికాడి భాగం ఇంకొంచెం పెంచితే మంచిది. అంతే.

ఐదో ఆవిడ నివేదికకు ఐదు నెలలు పట్టింది. నాలుగుసార్లు గుర్తుచేశాను. ఈ మధ్యలో రచయిత గురించి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకటి ఆయనదే. మిగతా రెండు మా ఇద్దరికీ తెలిసినవాళ్లవి: "సార్, మనోడే, జర చూడుండ్రి." చూడటం అంటే తొందరగా చూడమనా, చూసీచూడనట్టు పొమ్మనా? మన దగ్గర ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. ఆయన తొందరను నేను తప్పుపట్టను. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ సమర్పణకు ముందు పేపరు అచ్చు కావాలన్న షరతును యూజీసీ తీసేసింది. కానీ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ పేపర్లతోనే. 2018 నిబంధనల పట్టికలో భాషలు, సామాజిక శాస్త్రాల వాళ్లకు ఒక్కో పేపరుకు పది పాయింట్లు. కాంట్రాక్టులో ఉన్న మనిషికి ఆ పది పాయింట్లు ఎంతో నాకు తెలుసు.

రెండో నివేదిక

ఏడు పేజీలు. మొదటి పేజీ చదవగానే నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

ఆవిడ పట్టింది ఇది. మధ్య చెరువు శాసన పాఠంలో శక 1175 పక్కన "మన్మథ సంవత్సరం" అని రచయితే రాశారు. శాసనాల్లో శక సంవత్సరంతో పాటు ప్రభవాది అరవైలోని పేరు కూడా చెక్కడం వాడుక. రామప్ప గుడి శాసనంలో శక 1135 పక్కన శ్రీముఖ ఉన్నట్టే. ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79 కలపాలి. శక 1175 అంటే 1253. ఆ ఏడాది పేరు ప్రమాదీచ, మన్మథ కాదు. మరి మన్మథ ఎప్పుడు? 2015 ఉగాదికి వచ్చింది మన్మథే. అక్కడి నుంచి అరవై చొప్పున పదమూడుసార్లు వెనక్కి పోతే 1235. అంటే శక 1157. "1157ను ఎవరో 1175గా తిప్పి రాశారు. రచయిత రాయిని మళ్లీ చూడాలి" అని ఆవిడ రాశారు. రెండంకెలు తారుమారైతే పద్దెనిమిదేళ్లు తేడా వచ్చింది.

పద్దెనిమిదేళ్లే కదా అనుకోవచ్చు. 1253 అయితే మధ్య చెరువు కింది చెరువు తర్వాతది. 1235 అయితే దానికంటే ముందుది. వ్యాసం వాదన మొత్తం తలకిందులవుతుంది.

అదే నివేదికలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, "ఈ రచయితకు శాసనం చదవడం రాదు" అనే వాక్యం. రెండు, ఫలానా మూడు వ్యాసాలను తప్పక ఉదహరించాలన్న సూచన. అందులో రెండు ఎవరు రాసినవో నాకు తెలుసు. మొదటిదాని గురించి ఆవిడకు ఫోన్ చేసి, ఆ వాక్యం తీసేసి పంపుతానని అనుమతి అడిగాను. చెప్పకుండా పరిశీలకుల మాటలు మార్చడం మంచి పద్ధతి కాదు. ఆవిడ నవ్వి, "కోపంలో రాశాను, తీసేయండి" అన్నారు. రెండోదాన్ని తీయలేదు. నా ఉత్తరంలో మాత్రం "ఈ మూడింటిలో మీ వాదనకు పనికొచ్చేవి ఉంటేనే వాడండి, లేకపోతే అవసరం లేదు" అని రాశాను. చివరికి ఆయన ఒకటి వాడారు. అది నిజంగానే పనికొచ్చేది.

ఒకరు చిన్న సవరణ అంటే, ఇంకొకరు పెద్ద సవరణ అంటే ఏం చేయాలి? ఓట్లు లెక్కపెట్టే పని కాదు ఇది. ఎవరు కారణం చూపించారన్నదే చూడాలి. పెద్ద సవరణ అని తీర్పు రాసి 2024 జనవరిలో పంపాను.

రచయిత ఫోన్ చేశారు. గొంతులో ఏడుపు లేదు కానీ దగ్గర్లోనే ఉంది. "సార్, రెండేండ్ల పని. ఎవరో పడనోళ్లకు పంపిన్రు." నేను ఆయనకు ఐన్‌స్టీన్ సంగతి చెప్పాను. 1936లో ఫిజికల్ రివ్యూ పత్రిక ఆయన వ్యాసాన్ని పరిశీలనకు పంపితే, నా అనుమతి లేకుండా వేరేవాళ్లకు చూపిస్తారా అని కోపంతో వెనక్కి తీసుకున్నారు. గురుత్వ తరంగాలు లేవని తేల్చిన వ్యాసం అది. పరిశీలకుడు పట్టిన తప్పు నిజమే. తర్వాత ఇంకో పత్రికలో వచ్చినప్పుడు దాని తీర్మానం మారిపోయింది. ఫోన్లో కాసేపు మాట లేదు. "ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఉండె గద సార్" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆయన పట్టుదల ఉన్న మనిషి. ఫిబ్రవరిలో ఊరికి వెళ్లి రాయిని మళ్లీ చూశారు. తేదీని ఆయన రాయి మీద చదవలేదట. పాత ఉత్సవ సంచిక ఒకదాంట్లో అచ్చయిన పాఠాన్ని నమ్మి ఎత్తి రాసుకున్నారు. పగటి ఎండలో అక్షరాలు ఆనవు. చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి పక్కగా పెట్టి, ఏటవాలు వెలుగులో ఫొటోలు తీయమని చెప్పాను. చెక్కిన గాడిలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. కట్ట మీద ఇద్దరు కుర్రాళ్లు టార్చీలు పట్టుకుంటే తీసిన పదకొండు ఫొటోలు నాకు పంపారు. ఏడో ఫొటోలో చాలా స్పష్టంగా ఉంది: నాలుగంకెల్లో ఐదు ముందు, ఏడు తర్వాత.

మార్చిలో కొత్త ప్రతి వచ్చింది. ఇప్పుడు ఆయన వాదన వేరు. ముందు మధ్య చెరువు కట్టారు, దాని మత్తడి నీళ్లు వాగులో వృథాగా పోతుంటే పట్టుకోవడానికి తొమ్మిదేళ్లకు కింది చెరువు కట్టారు. నిజం చెప్పాలంటే మొదటిదానికంటే ఇదే సహజంగా ఉంది. ఊళ్లో ముసలాయన ఒకరు చెప్పిన "పై చెరువు తాగి వదిలింది కింది చెరువుకు" అన్న మాట మొదటి ప్రతిలో ఫుట్‌నోట్‌లో మూలన పడి ఉండేది. ఈసారి అది వ్యాసం మొదట్లోకి వచ్చింది.

కొత్త ప్రతితో పాటు కొత్త పేరు కూడా వచ్చింది. రెండో రచయితగా గైడ్ పేరు చేర్చమని. మధ్యలో పేరు చేరినా, తీసినా అందరి సంతకాలతో పాటు ఎవరు ఏ పని చేశారో ఒక్క వాక్యం రాసి ఇవ్వమంటాం. ఇద్దరు రచయితలుంటే యూజీసీ పాయింట్ల పట్టిక ప్రకారం ఒక్కొక్కరికీ డెబ్బై శాతమే వస్తుంది, అంటే పదిలో ఏడు. ఈయనకు మూడు పాయింట్లు నష్టం. అది నేను చెప్పాల్సిన మాట కాదు, చెప్పలేదు. కాగితం మాత్రం పంపాను. పది రోజులకు గైడ్ గారే రాశారు: "నేను చదివి సలహాలు ఇచ్చాను." సలహాలిచ్చినవాళ్ల చోటు కృతజ్ఞతల్లో. ఆయనేమీ నొచ్చుకోలేదు. అన్నిసార్లూ ఇంత సులువుగా తెగదు, వేరే సందర్భాల్లో నాతో మాటలు మానేసినవాళ్లున్నారు.

సవరించిన వ్యాసాన్ని ఆవిడకే మళ్లీ పంపాను. ఈసారి మూడు వారాల్లో వచ్చింది: "అచ్చు వేయండి."

అచ్చు, ఆ తర్వాత

వరంగల్‌లో మా ప్రెస్సు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంటులోనే పేజీలు కడుతుంది. అంటే రచయిత అను నుంచి యూనికోడ్‌కు మార్చింది మేం మళ్లీ అనులోకి మార్చాలి. ఫుట్‌నోట్ అంకెలు లైనులోకి దిగిపోతాయి, శాసన పాఠంలోని అరసున్నలు మాయమవుతాయి. ప్రూఫ్ రెండుసార్లు చూశాం, ఒకసారి రచయిత, ఒకసారి నేను. తేదీ ఉన్న ప్రతి చోటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి సరిచూశాను. జూన్ సంచిక ఆగస్టులో బయటికొచ్చింది. ఆయన ఒక ప్రతిని పట్టుకెళ్లి ఊళ్లో ఆ ముసలాయనకు ఇచ్చారట.

2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను గుర్తించిన పత్రికల జాబితాను, అంటే కేర్ జాబితాను, ఆపేసింది. నాకొచ్చే ఫోన్లలో "మీది కేర్‌లో ఉందా సార్" పోయి, "మరి ఇప్పుడు మీది చెల్లుతదా సార్" వచ్చింది. ఆ గొడవలో ఉండగా మే నెలలో చెరువుల మీద ఇంకో వ్యాసం వచ్చింది, వేరే జిల్లా స్కాలర్ రాసింది. శాసనాలు తెలిసిన పరిశీలకుడు కావాలి. మా పాత రచయితకు అప్పటికి పీహెచ్‌డీ వచ్చేసింది, ఆయనకే పంపాను. మూడో రోజు రాత్రి ఫోన్.

"సార్, ఇందులో మన మధ్య చెరువుకు 1253 అని ఉన్నది. కింద ఫుట్‌నోట్‌ల నా పేపరే ఉన్నది."

సంచిక తీసి చూశాను. వ్యాసంలో అంతటా 1235. తెలుగు సంగ్రహంలోనూ 1235. చివరి పేజీల్లో వరసగా వేసే ఇంగ్లిష్ సంగ్రహాల్లో మాత్రం 1253, దాంతోపాటు ఆ పాత వాదన కూడా. మొదట చెప్పిన పెట్టెల సంగతి ఇక్కడికే వస్తుంది. సవరించిన ఫైలును ఎక్కించినా, మొదటి రోజు పెట్టెలో నింపిన ఇంగ్లిష్ సంగ్రహం దానంతటది మారదు. ప్రెస్సుకు సంగ్రహాలు ఆ పెట్టెల నుంచే తీసి ఇచ్చాం. పరిశీలకులు వ్యాసం చూశారు, రచయిత తన పేజీల ప్రూఫ్ చూశారు, నేను తేదీలు చూశాను. ఆ ఒక్క పేజీ ఎవరి వంతుకూ రాలేదు. నెట్‌లో వెతికితే ముందు కనిపించేది అదే, కొత్త స్కాలర్ చదివింది కూడా అంతే.

తర్వాతి సంచికలో సవరణ ప్రకటన వేశాం. వెబ్‌సైట్‌లో సంగ్రహాన్ని మార్చి, ఏం మారిందో, ఏ తేదీన మారిందో కింద రాశాం. పాత పీడీఎఫ్‌ను చడీచప్పుడు లేకుండా తీసేయకుండా, దాని పక్కనే సవరణను పెట్టాం. మాకు డీఓఐ సంఖ్యలు (నెట్‌లో ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు) లేవు, ఉంటే సవరణను అసలు వ్యాసానికి ముడివేయడం తేలికయ్యేది. మిగిలిన సంచికల్లో చివరి పేజీ మీద సవరణ చీటీలు నేనూ మా ఆవిడా కూర్చుని అంటించాం. గ్రంథాలయాలకు చీటీలు పోస్టులో పంపాం, ఎందరు అంటించుకున్నారో వాళ్లకే తెలియాలి. ఇప్పుడు అంగీకార ఉత్తరంతో పాటు ఆ పెట్టెల్లో ఉన్నదంతా కాగితం మీద తీసి రచయితకు పంపుతున్నాం, సంతకం చేసి తిప్పి పంపితేనే ప్రెస్సుకు పోతుంది.

కొత్త స్కాలర్‌కు ఫోన్ చేసి తప్పు మాదేనని, తేదీ మార్చుకోమని చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"మార్చుకుంట సార్. మరి నా పేపరు ఎప్పుడొస్తది?"

రెండో పరిశీలకుడి జవాబు ఇంకా రాలేదని చెప్పాను.